తాళం తీసిన శుక్రవారం

ఆఫీసులో ఆవిడని అందరూ తాళాలక్క అనేవాళ్ళు. అలాగని చేతిలో తాళాలగుత్తి ఏమీ ఉండదు. నాలుగో అంతస్తులో, మంచినీళ్ళ డబ్బా పక్కన, ఎవరూ కోరుకోని మూలలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, చెవులకి తగిలించుకునే ఫోను. అంతే ఆస్తి. కంపెనీ పని ఇంటర్నెట్లో డబ్బులకి పేకాట ఆడించడం. అందులో పోకర్ అనే ఆట వాళ్ళకి బంగారు బాతు. ఆ ఆట మానలేక, ఆడుతూ బతకలేక, "నన్ను మళ్ళీ లోపలికి రానివ్వకండి బాబోయ్" అని మొత్తుకునే వాళ్ళ ఖాతాలకి తాళం వెయ్యడం ఆవిడ పని. కంపెనీకి ఆ పని మీద ప్రేమేమీ లేదు. పాత చట్టంలో అలాంటి మనిషి ఒకరుండాలని రాసుంది కాబట్టి ఒకావిడని తెచ్చి కూర్చోబెట్టారు.

తాళం వేసే ముందు ఆవిడ ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడిగేది. ఇంట్లో వాళ్ళకి తెలుసా? ఎన్నాళ్ళకి వెయ్యమంటారు? వారం తిరక్కుండా మీరే ఫోన్ చేసి తియ్యమంటే నన్నేం చెయ్యమంటారు? మొదటి రెండూ కంపెనీ రాసిచ్చినవి, మూడోది ఆవిడ సొంతం. అందరిదీ ఒకటే జవాబు, తియ్యొద్దని. ఆ అందరూ వారం తిరక్కుండా ఫోన్ చేసేవాళ్ళు కూడా. ముందు అమ్మా తల్లీ అని బతిమాలడం, తరవాత బూతులు. ఒకాయన నేను ఆయన్ని కాదు, ఆయన కవల సోదరుణ్ణి, నా ఖాతా పొరపాటున మూశారు అని ఒట్టేసి చెప్పాడు. కాలేజీ లెక్చరరు ఒకాయన అరగంట ఇంగ్లీషులో చివాట్లు పెట్టి, చివర్లో తెలుగులో ఏడ్చాడు. తాళాలక్క అన్నీ వినేది. ఊఁ కొట్టేది. అంతేగానీ ఒక్కటంటే ఒక్క తాళం తీసిన పాపాన పోలేదు.

ఆ తాళాల్లో ఒకటి సొంత తమ్ముడిది.

తమ్ముడు లిఫ్టుల మెకానిక్కు. పని వచ్చినవాడు. తీగ ఎక్కడ అరిగిందో మోటారు చప్పుడు విని చెప్పగలడు. అలాంటివాడు ఫోనులో పోకర్ మరిగి, జీతం జీతమంతా తగలేసి, భార్య గాజుల దాకా వచ్చాక, ఒక మధ్యాహ్నం గ్రీజు చేతులతో అక్క ఆఫీసు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అక్కా, నన్ను మూసెయ్యవే" అన్నాడు. ఆవిడ పైకెళ్ళి, తన బల్ల దగ్గర కూర్చుని, కింద గేటు దగ్గరున్న తమ్ముడికి ఫోన్ చేసి, అందర్నీ అడిగినట్టే మూడు ప్రశ్నలూ అడిగింది. ఎన్నాళ్ళకి అంటే "బతికినన్నాళ్ళూ" అన్నాడు. బతికినన్నాళ్ళూ అని నొక్కేసి, బాత్రూంలోకి వెళ్ళి ఏడిచి, మొహం కడుక్కుని వచ్చింది.

ఆ తరవాత వాడు మనిషయ్యాడు. మెల్లమెల్లగా గాజులు తిరిగొచ్చాయి. ఏడెనిమిది బిల్డింగుల లిఫ్టులు చూసే కాంట్రాక్టు సంపాదించాడు. తనే లిఫ్టు బిగించిన ఒక బిల్డింగులో రెండు గదుల ఫ్లాటుకి డబ్బు కూడబెడుతున్నాడు. ఆ ఫ్లాటు కిటికీలో ఏం పెట్టాలో వాడి కూతురు అప్పుడే నిర్ణయించేసింది కూడా.

ఇంతలో కొత్త చట్టం వచ్చింది.

పోకర్ బుర్రతో ఆడే ఆటా, అదృష్టం మీద ఆడే ఆటా అని కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగింది. కంపెనీ గోడ మీద నిలువెత్తు అక్షరాలతో "ఇది జూదం కాదు, నైపుణ్యం" అని రాయించుకున్నారు. ప్రభుత్వం కూడా ఆ నైపుణ్యం మీద ఇన్నాళ్ళూ పన్ను శుభ్రంగా లాక్కుంది. ఉన్నట్టుండి పెద్దలకి జ్ఞానోదయమైంది. ఎవరూ గట్టిగా తుమ్మేలోపు చట్టం పాసైపోయింది. బుర్రయినా, అదృష్టమైనా, ఇంటర్నెట్లో డబ్బు పెట్టి ఆడే ఆట ఏదైనా సరే నిషేధం. ఆడించినవాడికీ శిక్షే, ఆడినవాడికీ శిక్షే. ఆడకుండా ఉండలేనివాడి సంగతేమిటో ఆ చట్టంలో ఎవరూ రాయలేదు. రాయాలని ఎవరికీ తోచలేదు.

ఆ వారం ఫోన్లు మోగి మోగి చచ్చాయి. పోకర్‌లో గెలిచిన డబ్బుతోనే ఇంటద్దె కట్టుకునే కుర్రాడొకడు ఫోన్ చేసి, "పన్ను కట్టించుకున్నప్పుడు వృత్తి అన్నారు మేడమ్, ఇప్పుడు నేరమంటున్నారు. రేపు పెళ్ళిచూపుల్లో ఏం చేస్తుంటావంటే ఏమని చెప్పను?" అన్నాడు. వాడికి తాళం అక్కర్లేదు, ఎప్పుడూ అడగలేదు. అయినా ఎవరితో చెప్పుకోవాలో తెలీక తాళాలక్కతో చెప్పుకున్నాడు.

ఇంట్లో మాత్రం పండగ. మరదలు ఫోన్ చేసింది.

"వదినా, మీ ఉద్యోగం సంగతి తలుచుకుంటే బాధే. కానీ ఆ మాయదారి కొంప మూతపడిందంటే నాకు ఆకలేస్తోంది వదినా, నిజంగా. ఇన్నాళ్ళూ తింటున్నా ఆకలి తెలిసేది కాదు."

"నా ఉద్యోగానికేముందే, ఇంకోటి చూసుకుంటాను" అంది తాళాలక్క.

నిజం చెప్పాలంటే ఆవిడకీ సంతోషంగానే ఉంది. ఇన్నేళ్ళూ ఒక్కో ఖాతాకి ఒక్కో తాళం వేసుకుంటూ వచ్చింది. ఇప్పుడు దేశం మొత్తానికి ఎవరో ఒకే తాళం వేసేశారనుకుంది. అలా అనుకున్నందుకు తరవాత తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు.

మూసేసే ముందు ఆటగాళ్ళ డబ్బు ఆటగాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలని చట్టం. మామూలు ఖాతాలకి పేచీ లేదు. తాళం వేసిన ఖాతాలతోనే వచ్చింది తంటా. తాళం పడితే డబ్బు లోపలికీ పోదు, బయటికీ రాదు. ఎప్పటి మిగుళ్ళో కొంచెం కొంచెంగా వాటిలో ఇరుక్కుని ఉన్నాయి. మీటింగులో మేనేజరు ఆ సంగతి వచ్చేసరికి గోళ్ళు చూసుకుంటూ, "వాళ్ళంతా ఎప్పుడో మర్చిపోయుంటారండీ. ఇప్పుడు ఎవరడుగుతారు?" అన్నాడు.

"నేనడుగుతాను" అంది తాళాలక్క.

ఎప్పుడూ మీటింగుల్లో నోరెత్తని మనిషి ఒంటికాలి మీద లేచేసరికి అందరూ తలలు తిప్పి చూశారు. ఆ డబ్బు ఏ ఇంట్లో ఏ పిల్ల ఫీజు నుంచి తెచ్చారో తనకి తెలుసంది. వాళ్ళు ఏడుస్తూ చెప్పింది విన్నది తనే గానీ మీరు కాదంది. ఇవ్వకపోతే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మీ మీద ఫిర్యాదు పెట్టిస్తానంది. చివరికి లెక్కల విభాగం వాళ్ళు దారి చెప్పారు: తాళం తీసేస్తే డబ్బు దానంతటదే వాళ్ళ బ్యాంకులకి వెళ్ళిపోతుంది.

తాళం తియ్యడమనేసరికి ఆవిడ షరతు పెట్టింది. ఆట మొత్తం ఆగిపోవాలి, తెర మీది ఆట బల్లలన్నీ మూతపడాలి, అది తను కళ్ళారా చూడాలి, ఆ తరవాతే తీస్తానంది. అందరూ సరేనన్నారు. ఆ రాత్రి చాలా కాలం తరవాత ఆవిడకి తన మీద తనకే కాస్త గర్వంగా అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆట ఆగిపోయింది. హాల్లో గోడకున్న పెద్ద తెర మీద ఒక్కో బల్లా ఆరిపోయింది. ఆవిడ నమ్మకుండా ప్రతి కంప్యూటరు దగ్గరికీ వెళ్ళి తొంగి చూసింది. ఎక్కడా ఏమీ కదలడం లేదు. అప్పుడొచ్చి తన మూలలో కూర్చుని, తాళం వేసిన ఖాతాలన్నిటినీ ఒకేసారి ఎంచి, తియ్యి అని నొక్కింది.

మరుక్షణం బల్ల మీదున్న తన సెల్‌ఫోనే మోగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్చుకోవడానికి తన పేరున కూడా ఒక ఖాతా తెరిచి, దానికి తాళం వేసి చూసుకుంది. ఆ సంగతే మర్చిపోయింది. ఆ ఖాతాకొచ్చిన మెసేజీ అది.

"తిరిగి స్వాగతం! మీరు లేక బల్ల చిన్నబోయింది. మీ కుర్చీ ఖాళీగానే ఉంది. రండి, తొలి పందెం మాది!"

కింద నీలం రంగులో ఒక లింకు.

తాళం తీస్తే మెసేజీ దానంతటదే వెళ్ళేలా ఎప్పుడో, ఎవడో రాసి పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఎందుకు తెలుస్తుంది? ఇన్నేళ్ళలో ఆ ఆఫీసులో ఒక్క తాళమైనా తీసి చూస్తే కదా! తియ్యాల్సిన మనిషి తియ్యనే లేదు.

ఆవిడ ఆ లింకు నొక్కింది. మూతపడిన బల్లలు కనిపిస్తాయనుకుంది. కనిపించింది వేరే. పేరు మారింది, రంగు మారింది, చిరునామా సముద్రాల అవతల ఏదో దేశానిదైంది. బల్ల అదే, కుర్చీలు అవే, ఆట జోరుగా సాగుతోంది. పొద్దున్నే ఎవరో పైవాళ్ళు పాత లింకులన్నిటినీ అక్కడికి తిప్పేశారు.

పరిగెత్తుకుంటూ మేనేజరు గదిలోకి వెళ్ళింది. "ఆపండి! ఆ మెసేజీలు ఆపండి!"

"వెళ్ళిపోయినవి ఎలా ఆపుతామండీ?"

"అయితే ఇంకో మెసేజీ పంపించండి. అది తెరవొద్దని చెప్పండి. నేను రాసిస్తాను."

"మధ్యాహ్నం నుంచి ఆటగాళ్ళకి మనం ఏ సందేశమూ పంపకూడదమ్మా. చట్టం ఒప్పుకోదు" అన్నాడాయన. చట్టమనే మాట నోటి నిండా, ఎంతో భక్తిగా పలికాడు. "ఇక ఆ విదేశీ సైటంటారా, దానికీ మనకీ చట్టప్రకారం ఏ సంబంధమూ లేదు."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ మంటతో వాదిస్తూ కూర్చుంటే అవతల కొంపలు మునుగుతాయని, తన మూలకి తిరిగొచ్చి, తన సెల్‌ఫోనుతోనే ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. మొదటి ఫోను తమ్ముడికి.

"ఏరా, మెసేజీ ఏమైనా వచ్చిందా?"

వెనకాల మోటారు చప్పుడు. "వచ్చిందక్కా. చూశాను. నువ్వే తీశావా?"

"నేనే తీశాను. ఇంకెవరు తీస్తారు?"

"చాలా థాంక్సక్కా" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

మిగిలిన డబ్బు తిరిగొస్తున్నందుకనుకుంది. "సర్లే. ఆ లింకు జోలికి పోకు."

"నాకెందుకక్కా!"

ఇంకా అడగాల్సింది. మూడు ప్రశ్నలు కాకపోతే ముప్ఫై అడగాల్సింది. కానీ జాబితాలో అవతలివాళ్ళు అంతమంది ఎదురుచూస్తుంటే, సొంతవాడు కదా, ఇంటికెళ్ళి తీరిగ్గా మాట్లాడొచ్చులే అనుకుని పెట్టేసింది. తరవాత ఫోనెత్తిన లెక్చరరుగారు "నువ్వేనామ్మా తీసింది? నువ్వా?" అని నిలదీసేసరికి తమ్ముడి గొంతు సంగతి మర్చిపోయింది. సాయంత్రానికి కంప్యూటర్లు అట్టపెట్టెల్లోకెక్కాయి. జాబితా సగం కూడా అవ్వలేదు.

ఉద్యోగం పోయింది. తమ్ముడు అప్పుడప్పుడూ వచ్చేవాడు, నవ్వుతూ మాట్లాడేవాడు, వెళ్ళేవాడు. ఆ నవ్వు చూసి ఆవిడ నిశ్చింతగా ఉంది. పరాయివాళ్ళ గొంతులో చిన్న వణుకు పట్టుకునే మనిషి, సొంత తమ్ముడి మొహంలో ఇంత అబద్ధం పట్టుకోలేకపోయింది.

ఒక రోజు పొద్దున్నే మరదలొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఫ్లాటువాళ్ళు ఫోన్ చేశారు వదినా. మేం ఇంకా ఏమీ కట్టలేదంట. ఈయనేమో కట్టేశానని నాతో అన్నారు. బ్యాంకులో చూస్తే డబ్బులు చాలా వరకు లేవు." అంతవరకూ నిబ్బరంగా చెప్పి, "మూసేశారన్నారు కదా వదినా? దేశమంతా మూసేశారన్నారు కదా?" అని భోరుమంది.

తాళాలక్క మరదల్ని పడుకోబెట్టి, ముందు ఆ సైటువాళ్ళకి రాసింది. మా తమ్ముణ్ణి రానివ్వకండి, ఖాతా మూసెయ్యండి అని కాళ్ళావేళ్ళా పడ్డట్టు రాసింది. వెంటనే జవాబొచ్చింది. ఖాతాదారు స్వయంగా అడగాలట. అడిగితే ఒక రోజు విశ్రాంతి ఇస్తారట. ఈలోగా మీరు కూడా ఖాతా తెరిస్తే మంచి కానుక ఇస్తామన్నారు. ఇన్నేళ్ళూ తాళాలు వేసే కుర్చీలో కూర్చున్న మనిషికి, ఆ సైటులో అలాంటి కుర్చీలో ఎవరూ లేరని అర్థమైంది.

ఆ తరవాత పోలీస్ స్టేషనుకి వెళ్ళింది. అధికారి మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, అంతా విన్నాడు.

"ఆ సైటు ఈ దేశంలో లేదమ్మా. దాని మీద మేం చెయ్యగలిగింది లేదు. ఆడినవాడు మాత్రం ఇక్కడే ఉన్నాడు." కాగితం ముందుకి లాక్కున్నాడు. "మీ తమ్ముడి పేరు చెప్పండి, కేసు రాసుకుంటాం."

"వాడి మీద కేసు కాదండీ. వాణ్ణి కాపాడమని వచ్చాను."

"చట్టంలో మాకిచ్చింది ఇదేనమ్మా" అన్నాడాయన, నిజంగానే జాలిపడుతూ.

తమ్ముడి పేరు చెప్పకుండా ఆవిడ లేచొచ్చేసింది.

తమ్ముడు ఎక్కడుంటాడో ఆవిడకి తెలుసు. పెద్ద బిల్డింగు డాబా మీద లిఫ్టు మోటారు గది. వాడు తప్ప ఎవరూ ఎక్కని చోటు. ఇనుప మెట్లెక్కి తలుపు తోసింది. గ్రీజు వాసన, వేడి. మోటారు తిరిగి ఆగుతోంది, నల్లటి తీగలు కిందికీ పైకీ జారుతున్నాయి. బోర్లించిన రంగు డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోను. మొహం పీక్కుపోయి ఉంది. అక్కని చూసి దాచుకోబోయాడు, ఎందుకులే అన్నట్టు మానేశాడు.

"ఎందుకురా? ఇంత బాగుపడి ఎందుకురా?"

వాడు తీగల వంక చూస్తూ చెప్పాడు.

"మెసేజీ వచ్చినప్పుడు ఇక్కడే ఉన్నానక్కా. ముందు నమ్మలేదు. ఇంతలో నువ్వే ఫోన్ చేశావు, నేనే తీశానన్నావు. నువ్వెవరికీ తియ్యవు కదా. ఎంత ఏడ్చినా తియ్యవు." చేతిలోని ఫోను వంక చూసుకున్నాడు. "అక్క తీసిందంటే నేను బాగుపడ్డానని నమ్మిందనుకున్నాను. ఒక్కసారి కూర్చుని, ఒక్క ఆట ఆడి, లేచొచ్చేసి నీకు చెబుదామనుకున్నా. చూశావా అక్కా, లేచొచ్చేశాను అని."

ఆవిడ గోడకి ఆనుకుంది. అబద్ధం చెప్పొచ్చు. అవున్రా, నమ్మాననొచ్చు. కానీ ఆ నమ్మకం పేరు చెప్పి వీడు మళ్ళీ కూర్చుంటాడు.

"అందరివీ తీశానురా. డబ్బు వెనక్కి పంపడానికి. అన్నిటికీ కలిపి ఒకటే నొక్కు. అందులో నీ పేరుందని కూడా నేను చూడలేదు."

"అలాగా" అన్నాడు వాడు. ఇంకేమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండునని ఆవిడకి అనిపించింది.

కాసేపటికి ఆవిడే తేరుకుని, "మిగిలిందేమైనా ఉందా అందులో? ఉన్నంతవరకు బయటికి తీసేసుకుందాం" అంది.

"ఉంది. సగానికి తక్కువ. తియ్యనివ్వరక్కా. తొలి పందెం మాదన్నారు కదా, అది తీసుకున్నవాడు వాళ్ళు చెప్పినన్ని ఆటలు పూర్తి చేస్తే గానీ రూపాయి బయటికి రాదు. పందెం వెయ్యకుండా ముక్కలు పారేసినా ఆట కిందే లెక్క. ఇంకా చాలా ఉన్నాయి."

అప్పుడు గోడకున్న గంట గణగణ మోగింది. లిఫ్టు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఎవరో ఇరుక్కున్నారు. వాడు ఒక్క ఉదుటున లేచి, సంచి భుజాన వేసుకుని, ఫోను అక్క చేతిలో పెట్టాడు.

"నా వంతొచ్చినప్పుడల్లా ఫోల్డ్ అని ఉంటుంది, ముక్కలు పారెయ్యడమన్నమాట, అది నొక్కుతూ ఉండు. ముక్కలు చూడకు. ఇంకేమీ ముట్టుకోకు."

వాడు మెట్లు దిగి వెళ్ళాడు. ఆవిడ రంగు డబ్బా మీద కూర్చుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క ఆట కూడా ఆడలేదు. తెర మీద పచ్చటి బల్ల, చుట్టూ ఎవరెవరివో బొమ్మలు. వంతొచ్చింది. ఫోల్డ్ నొక్కింది. వెంటనే కొత్త ముక్కలు పడ్డాయి. మళ్ళీ నొక్కింది.

లిఫ్టు గొయ్యిలోంచి తమ్ముడి గొంతు పైకి వినిపిస్తోంది. "భయపడకండి మామ్మగారూ, నేనొచ్చేశాను. తలుపు దగ్గరికి రాకండి. బాబుని ఎత్తుకోండి. ఏం కాదు, నేనున్నాను." ఎంతో నెమ్మదిగా, నమ్మకంగా చెబుతున్నాడు.

ఆ ఆటలో ఒక రివాజుంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు వంతులవారీగా, ముక్కలు చూడకముందే, కొంత పందెం కట్టి తీరాలి. ఆడినా కట్టాలి, పారేసినా కట్టాలి. ఆ వంతు ఇటు తిరిగినప్పుడల్లా తెర అడుగున మిగిలిన డబ్బు చూపించే అంకెలోంచి కాస్త తనంతట తనే తరిగిపోతోంది. ఫ్లాటు కిటికీ, తలుపు, గోడ, అన్నీ ఆ అంకెలోనే ఉన్నాయి. ఆపేస్తే మొత్తం పోతుంది. ఆపకపోతే ఇలా పోతుంది.

మళ్ళీ వంతొచ్చింది. తాళాలక్క కళ్ళు తుడుచుకుని ఫోల్డ్ నొక్కింది. కొత్త ముక్కలు పడ్డాయి.